చివరి వరుసలో పిల్లి: ఒక బాలల నవలలో మహాపరినిర్వాణ చిత్రం

జపాన్‌లోని కోయ పర్వతంపై గల కొంగోబుజీ ఆలయానికి చెందిన మహాపరినిర్వాణ చిత్రం 1086 నాటిది. ఆ దేశంలో కాలం నిర్ధారితమైన పరినిర్వాణ చిత్రాలలో అదే మిక్కిలి ప్రాచీనం. శయ్య చుట్టూ బోధిసత్త్వులు, శిష్యులు, దేవతలు చేరి ఉన్న ఆ చిత్రంలో జంతువులలో సింహం ఒక్కటే కనిపిస్తుంది. తరువాతి శతాబ్దాలలో ఆ గుంపు పెరుగుతూ వచ్చింది. ఏనుగు, గుర్రం, ఎద్దు, జింక, కోతి, పక్షులు, పాములు, చివరకు కీటకాలు కూడ సాలవృక్షాల నీడకు చేరాయి. పిల్లికి మాత్రం సాధారణంగా అక్కడ చోటు దొరకలేదు. క్యోటోలోని తోఫుకుజీ ఆలయంలో మించో అనే చిత్రకారుడు 1408లో రచించిన బృహచ్చిత్రం అరుదైన మినహాయింపు. రంగుల కోసం వెతుకులాడుతున్న మించోకు ఒక పిల్లి వర్ణద్రవ్యం చూపిందనీ, ఆ కృతజ్ఞతతో అతడు దానిని చిత్రంలో చేర్చాడనీ ఐతిహ్యం.

చిత్రంలో పిల్లికి దక్కని ఆ చోటే ఇతివృత్తంగా అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ కోట్స్‌వర్త్ ‘ద క్యాట్ హూ వెంట్ టు హెవెన్’ అనే చిన్న నవల వ్రాసింది. 1930లో మాక్మిలన్ సంస్థ ప్రచురించిన ఈ పుస్తకానికి 1931లో అమెరికన్ గ్రంథాలయ సంఘం వారి న్యూబెరీ పతకం లభించింది. లిండ్ వార్డ్ దీనికి బొమ్మలు వేశాడు. కోట్స్‌వర్త్ (1893–1986) యౌవనంలో తూర్పు ఆసియా దేశాలలో పర్యటించిన కవయిత్రి. అమెరికా గ్రామీణ జీవితాన్ని చిత్రించే బాలల నవలలు కూడ అనేకం వ్రాసింది. వాటి నడుమ ఈ పుస్తకం ప్రత్యేకంగా నిలుస్తుంది. ఇందులో కల్పిత కథ ఉంది, బుద్ధుని జీవితచరిత్ర ఉంది, జాతక కథలున్నాయి. పిల్లల కోసం వ్రాసే కల్పనకూ, చరిత్రకూ నడుమ సాధారణంగా గీసే గీత ఇందులో చెరిగిపోతుంది. అందువల్ల కలిగిన లాభమెంత, నష్టమెంత అన్నది బౌద్ధ వాఙ్మయంతోనూ, శిల్పంతోనూ పరిచయమున్న పాఠకులు పరిశీలించవలసిన ప్రశ్న.

కథ సరళమైనది. పూట గడవని ఒక చిత్రకారుడు, అతని ఇంటిపని చూసే ఒక వృద్ధురాలు. తిండి సరుకులు తెమ్మని పంపితే ఆమె బుట్టలో పిల్లిని పెట్టుకొని వస్తుంది. తెల్లని ఒంటిపై పసుపు, నలుపు మచ్చలున్న ఆ పిల్లికి ‘అదృష్టం’ అనే అర్థం వచ్చే పేరు పెడతారు. కొంతకాలానికి ఆలయాధిపతి వచ్చి బుద్ధుని మహాపరినిర్వాణాన్ని చిత్రించమని కోరుతాడు. చిత్రకారుడు వెంటనే కుంచె పట్టడు. సిద్ధార్థుని రాకుమార జీవితాన్నీ, త్యాగాన్నీ, బోధినీ, చివరి దినాలనూ మూడు రోజులపాటు మనస్సులో అనుభవించి, ఆ తరువాత బుద్ధుని చిత్రిస్తాడు. పిమ్మట తుది వీడ్కోలుకు వచ్చిన జంతువులను ఒక్కొక్కటిగా వేస్తాడు. ప్రతి జంతువుకూ ముందు ఒక కథను తలచుకుంటాడు. పిల్లి పక్కన కూర్చొని చూస్తూ ఉంటుంది. తన జాతి రూపం ఎప్పుడు వస్తుందా అని దాని నిరీక్షణ. కాని పిల్లి బుద్ధుని బోధను నిరాకరించిందనీ, అందుచేత దానికి సుగతి ద్వారాలు మూసుకొనిపోయాయనీ నలుగురి నమ్మకం. చిత్రకారునికి ఆ సంగతి తెలుసు. చివరకు అతడు జంతువుల వరుస తుదిలో పిల్లిని వేస్తాడు. అది చూసిన ఆనందంతో పిల్లి ప్రాణం విడుస్తుంది. ఆలయాధిపతి చిత్రాన్ని తిరస్కరించి, దానిని తగలబెట్టాలని నిర్ణయిస్తాడు. మరునాటి ఉదయం చూస్తే వరుస తుదిని పిల్లి లేదు. శయనించిన బుద్ధుని హస్తం చాచి ఉంది. ఆ హస్తం కింద పిల్లి ఉంది.

ఈ నవలలోని చిత్రకారునికి పేరు లేదు, వృద్ధురాలికి పేరు లేదు, ఆలయాధిపతికీ లేదు. పిల్లికి మాత్రమే పేరుంది. నిర్దిష్టమైన కాలమూ, ఊరూ లేని జపాన్ ఇది. 1930 నాటి పాశ్చాత్య పాఠకుడు దూరం నుండి ఊహించుకొన్న తూర్పు దేశపు ఛాయలు ఇందులో లేకపోలేదు. అయినా చిత్రకారుని పనితీరును వర్ణించిన పద్ధతిలో బౌద్ధ సంప్రదాయానికి సన్నిహితమైన అవగాహన కనిపిస్తుంది. ఏనుగును వేయడానికి ఏనుగు ఆకారం తెలిస్తే చాలదు, ఏనుగుగా జన్మించిన బోధిసత్త్వుని మనస్సు తెలియాలి అని అతడు భావిస్తాడు. జాతకాలను పిల్లలకు చెప్పే పుస్తకాలు చాలావరకు వాటిని నీతికథలుగా కుదిస్తాయి. జంతువు ఒక గుణానికి గుర్తుగా మిగిలి, చివర ఒక నీతివాక్యం వస్తుంది. కోట్స్‌వర్త్ నీతివాక్యం చెప్పదు. తన మందలోని లేడికి బదులుగా తాను వధ్యశిలకు సిద్ధపడిన మృగరాజు కథను చిత్రకారుడు తలచుకున్నప్పుడు, ఆ తలపు వెంటనే కుంచె పనిగా మారుతుంది. చదివే పిల్లవానికి మైత్రి అనే మాట వినిపించదు. మైత్రి అలవడే విధానం కనిపిస్తుంది.

పాలి జాతకాల నిర్మాణం పరిశోధకులకు పరిచితమే. వర్తమాన కథ, అతీత కథ, గాథలు, వాటి వ్యాఖ్య, చివర నాటి పాత్రలెవరో నేటి వ్యక్తులెవరో కలిపి చెప్పే సమోధానం. పిల్లల పుస్తకాలలో మొదట తొలగిపోయేవి వర్తమాన కథ, సమోధానం. అతీత కథ ఒక్కటే మిగులుతుంది. నిజానికి ప్రాచీన శిల్పులు కూడ ఇదే చేశారు. భర్హుత్ వేదిక ఫలకాలపై కనిపించేది అతీత కథే. దానిని గుర్తించడానికి పక్కన ఒక చిన్న శాసనం ఉంటుంది. అమరావతిలోనూ, అజంతా 10, 17 గుహలలోనూ ఛద్దంత జాతకాన్ని మలచినవారికి కూడ ఏనుగు త్యాగమే ప్రధానం. కాని శిల్పం చూసే భక్తుడు స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు. వర్తమాన కథ అతని పాదాల కిందనే ఉంది. పుస్తకం చదివే పిల్లవానికి అటువంటి ఆధారం లేదు. కోట్స్‌వర్త్ ఆ లోటును పూరించింది. చిత్రకారుని గుడిసె వర్తమాన కథ అయింది. అతడు తలచుకొనే జన్మలు అతీత కథలయ్యాయి. ప్రతి అధ్యాయం చివర వృద్ధురాలు పాడుకొనే పాట గాథ స్థానంలో నిలిచింది. బుద్ధుని హస్తం కింద పిల్లి కనిపించడం సమోధానంగా పనిచేసింది. రచయిత్రి దీనిని ఉద్దేశించి చేసిందని చెప్పడానికి ఆధారమేదీ అక్కరలేదు. పుస్తకం జాతకంలా నడుస్తున్నదన్నది చదివినవారికి తెలుస్తుంది.

ఇక లోపాల సంగతి. కల్పననూ చరిత్రనూ కలిపినప్పుడు వేటికి ఎంత ప్రామాణ్యం ఉందో పిల్లవానికి తెలియదు. ఈ నవలలో నత్త కథ అందుకు నిదర్శనం. ఎండలో ధ్యానమగ్నుడైన బుద్ధుని శిరస్సును చల్లబరచడానికి నత్తలు ఎక్కి కూర్చున్నాయన్న జనశ్రుతి ఇందులో జాతకాలతో సమానంగా నిలుస్తుంది. బుద్ధ ప్రతిమల శిరస్సుపై కనిపించేవి కుడివైపు తిరిగే కేశాల ఉంగరాలు. మహాపురుష లక్షణాలకూ, శిల్ప సంప్రదాయ పరిణామానికీ సంబంధించిన విషయమది. మ్యూజియంలో ప్రతిమ ముందు నిలిచిన పిల్లలు “అవి నత్తలా?” అని అడగడం సహజం. నత్త కథ అందమైనదే. కాని అది ఏ కాలపు కథో, ఎవరి కథో చెప్పకపోతే అందం అపోహగా స్థిరపడుతుంది. సిద్ధార్థుని వీడిన కంథకాశ్వం, దేవదత్తుని బాణం తగిలిన హంస, నత్త — ఈ మూడూ ఒకే మూలానికి, ఒకే కాలానికి చెందినవి కావు. నవల వాటిని ఒకే దారంలో గుచ్చింది.

ఇంతకంటె గంభీరమైన ప్రశ్న పిల్లి దోషానికి సంబంధించినది. దీఘనికాయంలోని మహాపరినిబ్బాన సుత్తంలో జంతువుల గుంపే లేదు. అకాలంలో పూచిన సాలవృక్షాలు, ఆకాశం నిండిన దేవతలు, కంటనీరు పెట్టిన ఆనందుడు, కుటుంబాలతో వచ్చిన మల్లులు మాత్రమే ఉన్నారు. కాబట్టి పిల్లి రాలేదనే నిందకు ఆ సుత్తంలో ఆధారం లేదు. జపాన్ జానపద కథలలో ఈ నిందకు వేరొక కారణం కూడ వినిపిస్తుంది. మాయాదేవి పంపిన ఔషధపు సంచి చెట్టుకు చిక్కుకొనిపోగా, దానిని తేవడానికి వెళ్ళిన ఎలుకను పిల్లి పట్టుకొన్నదట. పరినిర్వాణ చిత్రాలలో సాలవృక్షానికి వేలాడే మూట బుద్ధుని పాత్రచీవరాలదని పండితులు గుర్తిస్తారు. బొమ్మ అర్థం మరుగున పడినప్పుడు కథ పుట్టుకొస్తుందనడానికి ఇదొక ఉదాహరణ.

అయితే పిల్లిపై అనుమానం జపాన్‌లోనే పుట్టిందనుకోవడం పొరపాటు. అది భారతదేశం నుండి ప్రయాణించిన సరుకే. కుక్కుట జాతకంలో కోడిపుంజును వలపు మాటలతో వంచించబోయిన ఆడపిల్లి ఉంది. భర్హుత్‌లో ఆ కథను చెక్కిన శిల్పి పక్కన ‘బిడాల’ అనే మాటతో శాసనం కూడ వ్రాశాడు. బబ్బు జాతకంలో ఎలుకను పీడించి తినే పిల్లులు తమ లోభంతోనే నశిస్తాయి. ధర్మశాస్త్రాలు కపట తపస్విని బైడాలవ్రతికుడన్నాయి. మహాబలిపురపు శిలాచిత్రంలో ఒంటికాలిపై నిలిచిన పిల్లి చుట్టూ ఎలుకలు చేరి ఉన్నాయి. పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగినట్లు అన్న సామెత తెలుగువారి నాలుకపై ఇప్పటికీ ఉంది. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకొనేవారు నేటికీ ఉన్నారు. ఈ నవల చదివే తెలుగు బాలునికి పిల్లి దోషం పరాయి దేశపు వింతగా తోచదు. ఇంట్లో విన్న మాటలాగే తోస్తుంది. ఈ కథకు తెలుగునాట ప్రసక్తి కలిగేది అక్కడే.

ఒక జాతి మొత్తానికి ఒకనాటి పూర్వికుని తప్పు అంటగట్టడం కర్మ సిద్ధాంతానికి విరుద్ధం. ఎవరి కర్మకు వారే దాయాదులన్నది బౌద్ధంలో మూలసూత్రం. నవలలోని చిత్రకారుడు ఆ నిందకు జాలిపడతాడే గాని ప్రశ్నించడు. పిల్లులన్నీ దోషులే, అయినా ఈ ఒక్కటి మంచిది అన్నంతవరకే అతని ఆలోచన సాగుతుంది. పట్టిన పక్షిని విడిచిపెట్టడం, వడ్డించేదాకా ఓపికగా వేచి ఉండడం వంటి సుగుణాల చేత మాత్రమే ఈ పిల్లి దయకు అర్హత సంపాదించుకొంటుంది. నిందపడిన జాతిలో ఒక్కరిని మినహాయించి గౌరవించడం ఆ నిందను చెరపదు, మరింత స్థిరపరుస్తుంది. పుట్టుక చేత వెలివేయబడినవారి చరిత్ర తెలిసిన దేశంలో ఈ నవలను పిల్లల చేతికిచ్చే పెద్దలు గుర్తుంచుకోవలసిన విషయమిది.

పిల్లి మరణాన్ని మాత్రం కొట్టిపారేయడానికి వీలులేదు. ఆనందంతో ప్రాణం విడవడం పైకి భావుకతలా కనిపిస్తుంది. కాని అట్ఠకథలు తెలిసిన భిక్షువులకు మండూక దేవపుత్రుని వృత్తాంతం వెంటనే స్ఫురిస్తుంది. చంపానగరంలో గగ్గరా పుష్కరిణి ఒడ్డున బుద్ధుడు ధర్మం చెబుతుండగా ఆ స్వరంలో మనస్సు నిలిపిన కప్ప ఒకటి, పశువుల కాపరి ఊతకర్ర కింద నలిగి మరణించి తావతింస దేవలోకంలో పుట్టింది. ధర్మం అర్థం కాకపోయినా స్వరంపట్ల కలిగిన చిత్తప్రసాదమే దానికి చాలింది. కంథకాశ్వానికి దక్కిన దేవజన్మ కూడ అటువంటిదే. ఈ దృష్టితో చూస్తే నవల శీర్షికలోని ‘హెవెన్’ అనే మాటకు అభ్యంతరం చెప్పనక్కరలేదు. పిల్లి నిర్వాణం పొందిందని రచయిత్రి అనలేదు. ప్రసన్నచిత్తంతో మరణించిన ప్రాణి సుగతికి చేరడం ధర్మసమ్మతమే. తెలుగులోకి తెచ్చేవారు ఆ మాటను ‘మోక్షం’ అనో ‘నిర్వాణం’ అనో మార్చితే కథ చెడుతుంది. ‘స్వర్గం’ అన్నది ఇక్కడ సరిగా సరిపోయే మాట.

చిక్కు ముగింపులో ఉంది. పిల్లి తన చిత్తప్రసాదం చేతనే సుగతికి అర్హత పొందిన తరువాత, బొమ్మలోని హస్తం కదలవలసిన అవసరమేమిటి? అద్భుతం జరగగానే గతికి కారణం పిల్లి మనస్సు నుండి బుద్ధుని క్షమకు మారిపోతుంది. మూసిన ద్వారాన్ని దైవం కరుణించి తెరిచిందనే భావం మిగులుతుంది. రచయిత్రి పెరిగిన క్రైస్తవ సమాజపు అనుగ్రహ భావన ఇక్కడ బౌద్ధ వస్త్రం ధరించింది. మరొక నష్టం కూడ ఉంది. చిత్రకారుడు ఆలయాధిపతి ఆగ్రహాన్నీ, తన కీర్తినాశాన్నీ ఎరిగియుండి పిల్లిని వేశాడు. ఆ పని అక్కడితో సంపూర్ణం. అద్భుతం వచ్చి అతడు చేసింది ఒప్పేనని తీర్పు చెప్పింది. తీర్పు రాకపోయి ఉంటే, చిత్రం మంటల్లో కాలిపోయి ఉంటే, అతడు చేసింది తప్పవుతుందా? ఈ ప్రశ్నను పిల్లలకు వదిలే ధైర్యం నవల చేయలేదు.

అయినప్పటికీ ఆ ముగింపుకు, రచయిత్రి ఎరుగకపోయినా, సుత్తంలోనే ఒక మూలం ఉంది. మహాపరినిర్వాణ రాత్రి సుభద్రుడనే పరివ్రాజకుడు సందేహ నివృత్తికై వచ్చాడు. భగవానుడు అలసి ఉన్నాడని ఆనందుడు మూడుసార్లు అడ్డగించాడు. లోపలి నుండి ఆ మాటలు విన్న బుద్ధుడు అతనిని ఆపవద్దన్నాడు. అన్యమతాల నుండి వచ్చినవారికి నాలుగు మాసాల పరివాసం విధి. సుభద్రుడు నాలుగేళ్ళకైనా సిద్ధమన్నాడు. బుద్ధుడు ఆనందునితో అతనికి ప్రవ్రజ్య ఇవ్వమన్నాడు. అలా అతడు ప్రత్యక్ష శిష్యులలో చివరివాడయ్యాడు. గాంధార శిల్పులు ఈ ఘట్టాన్ని విస్మరించలేదు. పరినిర్వాణ ఫలకాలలో శయ్య ముందు ధ్యానంలో కూర్చొన్న సుభద్రుడు, పక్కన ముక్కాలిపై వేలాడే అతని నీటితిత్తి తరచుగా కనిపిస్తాయి. ఐదవ శతాబ్దపు అజంతా 26వ గుహలో సుమారు 7 మీటర్ల పొడవున శయనించిన బుద్ధ ప్రతిమ ముందు కూడ అతడున్నాడు. తలుపు దగ్గర ఆగిపోయినవానిని లోపలికి పిలవడం బుద్ధుని తుది కార్యాలలో ఒకటని ఆ శిల్పులకు తెలుసు. ఆలయాధిపతి ఆనందునిలా విధిని కాపాడబోయాడు. అతడు దుర్మార్గుడు కాడు. వరుస తుదిలో ఆగిన పిల్లి సుభద్రుని స్థానంలో ఉంది. తేడా ఒక్కటే. సుభద్రుని పిలిచింది జీవించి ఉన్న బుద్ధుని మాట. పిల్లిని పిలిచింది చిత్రంలోని హస్తం.

ఆంధ్రదేశంలో పరినిర్వాణ దృశ్యానికి శయ్య లేదు. అమరావతి ఫలకాలలో ఆ ఘట్టానికి స్తూపమే సంకేతం. శయ్య చుట్టూ ఎవరుండాలి, ఎవరుండరాదు అన్న తగవు అక్కడ పుట్టదు. రామగ్రామ స్తూపాన్ని పెనవేసుకొని కాపాడే నాగులు ఆ ఫలకాలపై కనిపిస్తారు. ధాతువుల దగ్గరకు రావడానికి మనిషై పుట్టనక్కరలేదని ఆ శిల్పం చెబుతుంది. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియంలకు పిల్లలను తీసుకొనివెళ్ళే ఉపాధ్యాయులకు కోట్స్‌వర్త్ నవల మంచి తోడు. అయితే దానితోపాటు మూడు మాటలు చెప్పాలి. నత్త కథ జనశ్రుతి. పిల్లి దోషం సుత్తంలో లేదు. సుభద్రుని కథ ఉంది.

ఈ మూడూ చెప్పిన తరువాత పుస్తకం తిరిగి పిల్లల చేతికిస్తే, వారికి మిగిలేది గుడిసెలో కూర్చొన్న చిత్రకారుడు. అతని ముందు పట్టుపై జంతువులన్నీ ఉన్నాయి. పక్కన ఒక పిల్లి చూస్తున్నది. కుంచెలో ఇంకా సిరా ఉంది. వేయాలా వద్దా అన్న నిర్ణయం అప్పటికి ఏ అద్భుతం మీదా ఆధారపడి లేదు. ఈ నవలలో అన్నిటికంటె విలువైన ఘట్టం అదే.